పథ్యమా? పస్తా?

"అమ్మని ఆశ్రమంలో పడేశాడు" అని చుట్టాలు అనుకుంటారని నాకు తెలుసు. అమ్మ తనంతట తనే కోరి చేరింది, అది వేరే కథ. ఇప్పుడు నా బాధంతా అక్కడి భోజనం గురించి.

ఆమధ్య వెళ్ళినప్పుడు చెయ్యి పట్టుకుంటే గాజులు మోచేతి దాకా జారిపోయాయి. తూస్తే 50 కిలోలు. ఆరునెల్లలో 4 కిలోలు తగ్గింది! మేనేజరు గారేమో "షుగరు భలే కంట్రోల్లో ఉందండీ" అన్నారు సంబరంగా. తింటే కదా పెరగడానికి!

ఆ పూట నేనూ అక్కడే తిన్నాను. మెత్తటి అన్నం, నీళ్ళ పప్పు, ఉప్పులేని సొరకాయ కూర, పల్చటి మజ్జిగ. బీపీ ఉన్నవాళ్ళకీ, షుగరు ఉన్నవాళ్ళకీ, ఏ రోగం లేనివాళ్ళకీ అదే.

అలవాటు కొద్దీ లెక్కలేశాను. మన హైదరాబాదు ఎన్ఐఎన్ వాళ్ళ 2020 లెక్క ప్రకారం కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీను కావాలి. పెద్దవాళ్ళకి కనీసం 1 గ్రాము ఉండాలంటుంది యూరప్ పోషకాహార నిపుణుల సంఘం ఎస్పెన్. అంటే అమ్మకి 50 గ్రాములు. 100 గ్రాముల పచ్చి కందిపప్పులో ఉండేదే దాదాపు 22. ఆ గరిటెడు నీళ్ళలో పప్పు ఏపాటిదో మీరే ఊహించుకోండి. (కిడ్నీ జబ్బుంటే ఈ లెక్క వేరు, డాక్టర్నే అడగాలి.)

ముసలితనంలో పథ్యం పేరుతో తిండి తగ్గిపోకూడదనీ, నలుగురితో కలిసి తినాలనీ కూడా ఎస్పెన్ వాళ్ళు చెప్పారు. తిండి తగ్గితే కండ కరుగుతుంది. కండ కరిగితే పడిపోతారు, తుంటి విరుగుతుంది.

వాళ్ళని తిట్టి లాభంలేదు. నలభైమందికి ఇద్దరు వంటవాళ్ళు. పైగా పిల్లలందరూ ఫోన్లు చేసి "ఉప్పు తగ్గించండి, నూనె తగ్గించండి" అని. అందులో నేనూ ఒకణ్ణి! నెలనెలా షుగరు ఎంతుందో అడిగాను గానీ బరువెంతని ఒక్కసారీ అడగలేదు.

"ఏం తినాలనుందమ్మా?" అంటే "కాస్త గోంగూర నాలిక్కి రాసుకుంటే చాల్రా" అంది.

డాక్టరు గారు సరేనన్నారు. ఇప్పుడు పప్పు చిక్కబడింది, పొద్దున పెసరట్టు, సాయంత్రం గ్లాసు పాలు, గోరంత గోంగూర. గదిలో ఒక్కతే కాకుండా హాల్లో పక్కగది పిన్నిగారితో కలిసి తింటోంది. పోయిన నెల ముప్పావుకిలో పెరిగింది. గాజులు మాత్రం ఇంకా వదులే.

మీవాళ్ళెవరైనా అలాంటిచోట ఉంటే ఫోన్లో "తిన్నావా?" అని అడక్కండి. తిన్నాననే అంటారు. ఏం తిన్నారో, ఎంత తిన్నారో అడగండి.