మొరాయించిన పిస్తోలు

1996 వానాకాలం. భద్రాచలం అప్పుడు ఖమ్మం జిల్లాలోనిదే. అడవి అంచున పోలీసు శిబిరంలో ఆయుధాల మరమ్మతు నా పని.

ఓ సాయంత్రం కుర్ర ఎస్సై బ్రౌనింగ్ పిస్తోలు బల్లమీద పెట్టాడు. "బాబాయ్, రెండు పేలితే మూడోది ఇరుక్కుంటోంది. తెల్లారితే అడవికి పోవాలి. ఇది మార్చెయ్!"

పిస్తోలును తిట్టి ఏం లాభం? 13 తూటాలు పట్టే మ్యాగజైన్లు రెంటికీ సుద్దతో గుర్తులు పెట్టి, విడివిడిగా కాల్చి చూశాను. ఇరుకుడంతా ఒకదానితోనే! ఎక్కడో రాతిమీద పడ్డట్టుంది. తూటాను పట్టి ఉంచే పైఅంచు వంగి, తూటా గొట్టంలోకి సూటిగా ఎక్కడంలేదు. పైగా నూనె, దుమ్ము కలిసి స్ప్రింగు చుట్టూ ముద్ద. నూనె ఎంత పోస్తే అంత మేలనుకున్నాడు పాపం!

దాన్ని నా దగ్గరే ఉంచుకుని వేరేది ఇచ్చి, 50 తూటాలు కాల్పించాకే పంపాను. ఆ రాత్రి నాకు నిద్రలేదు.

మూడోనాడు వచ్చాడు. "కాల్చే పనే పడలేదు, బాబాయ్!"

పిస్తోలు అందుకున్నాను. నూనె కారుతోంది.