ముసావాత్ అంటే సమీకరణమే

ఉర్దూలో ముసావాత్ అంటే సమానత్వం. లెక్కల కితాబులో అదే లఫ్జుకు సమీకరణం అని అర్థం. డిగ్రీలో తెలుగు చదివాను కాబట్టి నాకు రెండూ సొంతమే. సిర్గాపూర్‌లో మా ఆపా బిడ్డకు అట్లా కాదు. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, ఇంటర్ తెలుగులో. పరావలయం అంటే తను చదివిన ఖతె ముకాఫీయేనని చెప్పినవాళ్లు లేరు. "మామూ, నాకు లెక్కలు రావు" అంటుంది. ఎందుకు రావు? ఫార్ములా గడగడా చెప్తుంది. అడ్డం పడ్డవి లఫ్జులే.

ఈద్ సెలవుల్లో ఆమె ముందు అల్ ఖ్వారిజ్మీ సవాలు పెట్టాను. 9వ శతాబ్దంలో, బగ్దాద్‌లో రాసిన అల్‌జబ్ర్ కితాబులోది. ఒక సంఖ్య వర్గానికి 21 కలిపితే ఆ సంఖ్యకు పది రెట్లతో బరాబర్. ఆ సంఖ్య ఎంత? ఆయన దారి ఇది: పదిలో సగం 5. దాని వర్గం 25. అందులో 21 పోతే 4. దాని వర్గమూలం 2. ఐదులోంచి రెండు తీస్తే 3, కలిపితే 7. రెండూ జవాబులే.

ఇప్పుడు గ్రాఫ్ కాగితం. అన్నీ ఒకవైపుకు తెస్తే ఎక్స్ వర్గం − 10 ఎక్స్ + 21. ఎక్స్‌కు 2 నుంచి 8 దాకా ఇస్తే వరసగా 5, 0, −3, −4, −3, 0, 5 వస్తాయి. చుక్కలు కలిపితే గిన్నెలాంటి వంపు. అడ్డగీతను 3 దగ్గర, 7 దగ్గర కోస్తుంది. గిన్నె అడుగు సరిగ్గా 5 కింద. ఖ్వారిజ్మీ పదిని ఎందుకు సగం చేశాడో అక్కడ కంటికి కనిపిస్తుంది: జవాబులు ఐదుకు అటు రెండు, ఇటు రెండు. ఆయన దగ్గర గ్రాఫ్ లేదు, చతురస్రాలు గీసి రుజువు చూపాడు. డెకార్త్ జ్యామితి పుస్తకం వచ్చింది 1637లో.

21 బదులు 25 పెట్టమన్నాను. గిన్నె నాలుగు గడులు పైకి జరిగి, 5 దగ్గర గీతను ముట్టి ఆగింది. రెండు జవాబులూ ఒకటయ్యాయి. 26 పెడితే గీతకు అందనే లేదు. ఇట్లాంటి సవాలు నాముమ్కిన్ అని ఖ్వారిజ్మీ కూడా రాశాడు. తెలుగు పుస్తకం వాస్తవ మూలాలు లేవంటుంది. విచక్షణి అంటే ముమయ్యిజ్, వేరుచేసి చెప్పేది అన్నాక ఆమె మొహం విప్పారింది.

1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మీడియంతోనే మొదలైంది. సైన్సు కితాబుల కోసం దారుల్ తర్జుమా నడిపారు. అన్ని లఫ్జులు పుట్టించిన ఈ నేల మీద, రెండు భాషల మాటలు పక్కపక్కన రాసిన ఒక్క కాగితం ఈ పిల్ల చేతికి రాలేదు. నాకు కోపం రాకుండా ఎట్లా ఉంటుంది?

ఆ కాగితం మేమే రాశాం. జజ్ర్, మూలం. రెండిటికీ అర్థం చెట్టు వేరే.

"మామూ, గిన్నె బోర్లిస్తే?"

మొత్తానికి మైనస్ పెట్టి చూడు అన్నాను. గిన్నె బోర్లపడింది. 3, 7 మాత్రం కదల్లేదు.