ప్రళయకావేరిలో ఒక పూట

మదరాసులో తరతరాలుగా కాపురమున్న మనలో పులికాటు రొయ్యల పేరు విననివారుండరు. పులికాటు సరస్సును కళ్లారా చూసినవారు మాత్రం తక్కువ. సెంట్రల్‌లో సూళ్లూరుపేట లోకల్ బండి ఎక్కి తడలో దిగితే, అక్కడికి సరస్సు దగ్గరే. ఆ చుట్టుపట్ల తెలుగువారు దీనిని ప్రళయకావేరి అంటారు. మన దేశపు ఉప్పునీటి సరస్సులలో చిలకా తరువాత దీనినే చెబుతారు. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రదేశానిదే. దక్షిణపు కొస తమిళనాడుది.

మేము ఏడుగురం, పిల్లాజెల్లాతో సహా, పుష్యమాసంలో ఒకనాడు భీములవారిపాళెం రేవులో పడవ ఎక్కాము. ఎదుట ఇరకం దీవి. దానికి తూర్పుగా, సముద్రానికీ సరస్సుకూ నడుమ కట్టిన గట్టులాగా శ్రీహరికోట. 1971లో అక్కడినుంచి మొదటి రాకెట్టు ఎగిరింది. అంతకుముందే అక్కడి పల్లెలవారు ఇండ్లు వదిలి ఇవతలికి రావలసివచ్చింది. ఆ మాట చాలామందికి తెలియదు.

కొంతదూరం పోయాక పడవవాడు ఇంజను ఆపి గెడ అందుకున్నాడు. “చప్పుడైతే లేచిపోతాయి సామీ, పిల్లకాయల్ని గమ్మునుండమనండి” అన్నాడు. నీళ్లు మొలలోతు మించవు. దూరాన నీటిమీద ఎవరో గులాబీరంగు చీర ఆరవేసినట్లున్నది. దగ్గరైనకొద్దీ అది వందలాది కాళ్లుగా, మెడలుగా విడిపోయింది. రాజహంసలు!

ఇవి మేత మేసే తీరు చిత్రంగా ఉంటుంది. తల పూర్తిగా తలక్రిందులు చేసి ముక్కు నీటిలో ముంచుతాయి. ముక్కు అంచున దువ్వెన పళ్లవంటివి ఉంటాయి. నాలుకతో నీటిని లోపలికీ బయటికీ తోస్తూ, చిన్న చిన్న పురుగులను, నాచును వడగట్టుకుంటాయి. మన ఆడవారు బియ్యం గాలించడం కూడా ఇంత నేర్పుగా ఉండదేమో! ఆ మేతలోని రంగే రెక్కలకు ఎక్కుతుంది. పిల్లలు పుట్టడం బూడిదరంగులోనే. గుంపులో అటువంటి మాసిన రంగు పక్షులను మా పిల్లలు పదకొండింటిని లెక్కపెట్టారు. మన దేశంలో ఇవి గుడ్లు పెట్టే పెద్ద తావు ఎక్కడో కచ్ఛ్ రణంలో ఉన్నది.

గూడబాతుల సంగతి వేరు. వాటి కాపురం సూళ్లూరుపేటకు ఉత్తరాన నేలపట్టు చెరువులోని చెట్లమీద. చేపలకు మాత్రం ఇక్కడికి వస్తాయి. నేలపట్టును 1976లో పక్షుల రక్షితకేంద్రంగా ప్రకటించారు. పక్షుల రెట్ట కలిసిన ఆ చెరువునీరు పొలాలకు ఎరువని అక్కడి రైతులు వాటి జోలికి పోరు.

తిరుగుదారిలో పడవవాడు తన గోడు చెప్పుకున్నాడు. సముద్రపు మొగ ఇసుకమేట వేసి పూడుకుపోతుంటుంది. మొగ పూడితే రొయ్యపిల్ల లోపలికి రాదు. ఎండాకాలంలో నీరు ఇంకి ఉప్పెక్కుతుంది. “నీళ్లు తగ్గితే ముందు మా వల ఖాళీ. ఆనక ఆ పిట్టలూ రావు” అన్నాడు. నీరు మరీ ఎక్కువైనా హంసల కాళ్లకు నేల అందదట. ఆ మొలలోతు నీటిమీదనే ఇరువురి బ్రతుకూ నిలిచి ఉన్నది. దక్షిణపు గట్టు బెస్తపల్లెలలో వల వేసే తావులకు వంతులున్నాయి. దానిని ‘పాడు’ అంటారు. పక్షులకు ఏ వంతూ లేదు.

వెళ్లదలచినవారు సంక్రాంతి అటూ ఇటూగా వెళ్లడం మంచిది. తెల్లవారుజామున బయలుదేరండి, ఎండ ముదిరితే నీటి తళతళలో పక్షులు సరిగా ఆనవు. మంచినీళ్లు, పులిహోర వెంట ఉండాలి. దుర్భిణీ ఉంటే మరీ మంచిది. మాకున్న ఒక్కదానికోసం పిల్లలు చేసిన రభసకే మొదటి గుంపు లేచిపోయింది.