ఆటయింటిలో సొంత గది

ఆడుపిల్ల తన యిచ్చవచ్చినట్లు సర్దుకొను మొదటి యిల్లు బొమ్మరిల్లు. పుట్టినింట ఏ వస్తువు ఎచ్చట నుండవలెనో తల్లి నిర్ణయించును; మెట్టినింట అత్తగారు నిర్ణయింతురు. పెత్తనము తన చేతికి వచ్చునప్పటికి తల నెరయును. వాకిటి మూల నాలుగు ఇటుకలు పేర్చి, కొబ్బరిచిప్పను కుండగను, ఇసుకను బియ్యముగను భావించి, బొమ్మకు గుడ్డపీలికతో చీర గట్టిన ఆ కాసేపే ఆమె స్వతంత్రురాలైన గృహిణి. సోదరీమణులారా! మనలో ఆ సుఖ మెరుగనివారుందురా?

ఆ బొమ్మరిల్లు ఇప్పుడు వాకిలి విడిచి తెరమీదికి వచ్చినది. వీడియో గేము అనగానే మనకు తుపాకులును, కార్ల పందెములును స్ఫురించును. కాని వానిలో సంసారమును పోలిన ఆటలని యొక తెగ కలదు. ఇల్లు సంపాదించుట, గదుల కొక్కొక్క రీతి నలంకారము చేయుట, ఆ గదికి తగిన దుస్తులు తొడుగుట, ఇరుగుపొరుగువారితో మంచిచెడ్డలు మాటాడుట - ఇదియే అందలి పని. మన బాలికలు తల వంచుకొని గంటలకొలది చూచునది పెక్కుమార్లు ఇట్టి యాటయే గనుక, అది యేమో తల్లులు తెలిసికొనుట మంచిదని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ యాటల పుట్టుక తెలిసికొన దగినది. 2000 సంవత్సరము ఫిబ్రవరిలో అమెరికాలో ‘ది సిమ్స్’ అను ఆట వెలువడెను. దానిని కల్పించిన విల్ రైట్ గారి యిల్లు 1991లో కాలిఫోర్నియాలోని ఓక్లండు కొండలలో చెలరేగిన కార్చిచ్చున కాలిపోయినది. మరల సంసారము నిలుపుకొనుటకై ఒక్కొక్క వస్తువును కూర్చుకొనుచున్న కాలమున, మనుష్యునకు నిక్కముగ కావలసిన సామాను ఏది యను విచారము ఆయనకు కలిగెనట. ఆ యాటకు మొదట అనుకొన్న పేరునకు ‘బొమ్మరిల్లు’ అనియే అర్థము. 2001లో జపాను దేశపు నింటెండో సంస్థ ‘యానిమల్ క్రాసింగ్’ అను ఆటల వరుసను ప్రారంభించెను. దానికి మూలకారకుడైన కత్సుయ ఎగుచి గారు చిబా ప్రాంతమునందలి తనవారిని విడిచి ఉద్యోగమునకై క్యోటో నగరము చేరిరి. అచ్చట అనుభవించిన యొంటరితనమునుండియే ఈ తలంపు పుట్టినదని ఆయన చెప్పియున్నారు. ఇల్లు కాలినవా రొకరు, ఇల్లు విడిచినవా రొకరు. ఇంటి విలువ ఎరిగినవారే ఇంటి యాటను కల్పించిరి.

ఇల్లు విడుచుట యన నేమో మా ప్రాంతమున నెవరికిని చెప్ప నక్కరలేదు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు పల్లెలలో గల్ఫు దేశములకు మనిషిని పంపని వాడ అరుదు. మా మరిదియు దుబాయిలో పనిచేయుచున్నాడు. తోడికోడలును, ఆమె కుమార్తెయు కరీంనగరమున మాతోడనే యున్నారు. క్రిందటిమారు సెలవుపై వచ్చినప్పుడు మరిది ఆ బిడ్డకు నింటెండో వారి ఆటపెట్టెను, 2020 మార్చిలో వెలువడిన కొత్త యానిమల్ క్రాసింగ్ ఆటను తెచ్చి యిచ్చెను. ఇంటర్మీడియట్ చదువుచున్న పిల్ల. పాఠములు ముగిసిన పిమ్మట బాపమ్మ మంచము ప్రక్కన కూర్చుండి ఆడుకొనును. మేమును ప్రక్కనుండి చూచుచు ఆ సంసారపు తీరు నేర్చుకొంటిమి.

ఆటలో మొదట నొక డేరా మాత్రమే యిత్తురు. తరువాత టామ్ నూక్ అను షావుకారు ఇల్లు కట్టించి 98,000 ‘బెల్లు’ల అప్పు వ్రాయును. ఆ అప్పునకు వడ్డీ లేదు, గడువు లేదు. పండ్లు కోసియు, చేపలు పట్టియు, గవ్వలేరియు అమ్మి తీర్చవచ్చును. నెలనెల సంఘములో వాయిదా కట్టు మన సోదరీమణులు ఈ షావుకారును చూచినచో తమ యూరికి రమ్మని పిలుతురు! ఇల్లు పెంచుకొన్నకొలది గదులు పెరిగి ఆరువరకు వచ్చును. గదుల అలంకారమునకు మార్కులు వేసి, ప్రతి ఆదివారము ఉత్తరము పంపు పరీక్షకులు కలరు. దుస్తులు కుట్టు అక్కచెల్లెండ్ర దుకాణము కలదు; వారిలో నొక చెల్లెలు అప్పుడప్పుడు వచ్చి, ‘విందుకు తగినట్లు’, ‘ఆటలకు తగినట్లు’ అని యొక సందర్భము చెప్పి, దానికి సరిపడు వేషముతో రమ్మనును.

మా బిడ్డ తన యాటయింట వంటగది నొక రీతిగ, పుస్తకముల గది నొక రీతిగ దిద్దుకొన్నది. వంటగదిలో తన బొమ్మ తలకు రుమాలు చుట్టును. పుస్తకముల గదిలో కళ్ళజోడు పెట్టును. మూడవది బతుకమ్మ గది. ఆ యాటలో చామంతులున్నవి గాని తంగేడు లేదు, గునుగు లేదు. అందుచే తంగేటిపూవును తానే చిత్రించినది. ఆటలో చిత్రము వేసుకొనుటకు అడ్డము 32, నిలువు 32 గళ్ళు, అనగా 1,024 గళ్ళు, ఇత్తురు. 15 రంగులు వాడవచ్చును. ఆ గళ్ళలో పూవు దిద్ది నేలయంతయు పరచినది. చీర కట్టుట కచ్చట వీలులేదు, కుట్టిన గౌనుపైననే రంగులు వేయవలెను; అయినను ఆకుపచ్చ గౌనునకు పసుపుపచ్చని అంచు దిద్దిన తీరు చూచిన, చీర యనియే భ్రమ కలుగును.

నాలుగవ గదిలో నొక మంచము, చిన్న బల్ల, ఫంకా, రెండు కుర్చీలు, గోడకు కిటికీ కలవు. అందు బొమ్మకు నీలిరంగు పనిదుస్తులు తొడిగినది. “ఇది బాపు అర్ర, పెద్దమ్మా. ఆడ ఒక్క అర్రల ఆరుగురుంటరు. ఈడ బాపు ఒక్కడే. రెండో కుర్చీ నాది” అని మాకు చెప్పినది.

మా అత్తగారికి ఈ యాట మొదట గిట్టలేదు. “ఉన్న ఇల్లు ఊడ్వది గని, లేని ఇల్లు అలుకుతాంది” అని ఒకనాడు విసుగుకొనిరి. పిల్ల తల యెత్తి, “ఉన్న ఇంట్ల నా గోడ ఏది, బాపమ్మా?” అని మెల్లగ నడిగినది. మా యింట మూడు గదులు. ఒకటి పెద్దవారిది, ఒకటి పరీక్షలకు చదువు కుమారునిది, ఒకటి సామాను, దేవుని పీట యున్నది. ఆడువారి పక్కలు హాలులో పరచి తెల్లవారగనే తీయుదుము. ఆమె పుస్తకములు కిటికీ గట్టుపైన, బట్టలు తల్లి బీరువాలో నొక అరలో నుండును. ఇట్టి యిండ్లు మన జిల్లాలలో వేలున్నవి. ఇందులో నెవరి దుర్మార్గమును లేదు. కాని పిల్ల యడిగిన ప్రశ్నకు సమాధాన మవసరము.

ఈ విద్య పనికిమాలిన దనువారు మన పండుగలను జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. బతుకమ్మకు ముందు దినములలో కన్నెపిల్లలు పీటపై పుట్టమన్నుతో అంతస్తులుగ బొడ్డెమ్మను నిలిపి, పూలతో సింగారించి, చుట్టును తిరిగి పాడి, కడపట నిద్రపుచ్చుదురు. అది వారి చేతి గృహము. పిదప బతుకమ్మకు తాంబాళములో గుమ్మడాకులు పరచి, తంగేడు వరుస, గునుగు వరుస, బంతి వరుస పేర్చుచు, తెల్లని గునుగు పూవులకు రంగులద్ది, ఏ రంగు ప్రక్కన ఏ రంగు వెలుగునో చూచి చూచి పెట్టుదుము. ఆనాటి చీరయు ఆ పూవులకు తగినదే. ఆదిలాబాదు అడవులలో రాజగోండుల గుస్సాడీలు దీపావళి దినములలో నెమలియీకల కిరీటము ధరించి దండారి యాడుదురు. ఆ వేషము వేసినవానికి నియమములును కలవు. చోటునకు, ఋతువునకు, వేషమునకు పొత్తు కుదుర్చుట మా ప్రాంతపు పాతవిద్యయే.

మా తోడికోడలు సిరిసిల్లలో మగ్గముల చప్పుడు నడుమ పెరిగినది. కుమార్తె తంగేటిపూవును దిద్దుచుండగా తెర చూచి, “ఇది మా బాపు గళ్ళ కాగితమే గదా!” అన్నది. చీర యంచునకు పూవు నేయుటకు ముందు నేతగాండ్రు దానిని గళ్ళ కాగితముపై గీచి, ఏ గడికి ఏ పోగు లేవవలెనో లెక్కించుకొందురు. తెరమీద పూరేకు మెట్లుమెట్లుగ కనబడుచుండ, ప్రక్క గడిలో నొక లేతరంగు వేసిన అంచు మెత్తబడునని తల్లి చూపినది. ఆనాటినుండి రాత్రులు ఇరువురును ఒక తెరపై తలలు వంచుచున్నారు. తాతగారి విద్య తల్లినుండి బిడ్డకు చేరు దారి యొకటి దొరికినది. తల్లులు దూరమునుండి గద్దించుటకంటె ఒక్కమారు ప్రక్కన కూర్చుండి చూచుట మేలని చెప్పుటకు ఇంతకంటె నిదర్శన మేల?

అయినను ఈ యాటలో నెరుగవలసిన గుణమొకటి కలదు. ఒకే జాతి సామాను ఒకే గదిలో కూర్చినచో మార్కు లెక్కువ. తెరమీద దీనివలన నష్టము లేదు. అదే బుద్ధి ఇంటిలో ప్రవేశించినచో తెరకు తగిన దిండు, దిండుకు తగిన దుప్పటి యని బజారు తిరుగుటయే యగును. ఇటీవల పెండ్లిండ్లలో హల్దీ యని యొక వేడుక బయలుదేరినది. పందిరి పసుపు, పూలు పసుపు, వచ్చినవారందరును పసుపు వస్త్రములే కట్టవలెను. ఒక్క పూటకై కొన్న ఆ చీర మరల పెట్టె దాటదు; కొనలేని చెల్లెలు ఫొటో తీయువేళ వంటింటికి పోవును. చూచుటకు సొంపైనదే గాని, చుట్టమును చిన్నబుచ్చు సొంపు మనకేల? బతుకమ్మ పూలు చెరువుగట్టున, పొలముగట్టున దొరకునవి. అచ్చట కలిమిలేములు లేవు. జత కుదుర్చుట చేతితో చేసినచో కళ. రూపాయితో చేసినచో ఖర్చు.

ఫోనులలో ఉచితమని వచ్చు అలంకారపు ఆటలలో నాణెములనియు రత్నములనియు పేరు పెట్టి నిజమైన రూపాయలు లాగునవి పెక్కు కలవు. తండ్రి బ్యాంకు కార్డు వివరములు పిల్లల ఫోనులో నుంచరాదు. ఎరుగనివారితో ఆడునప్పుడు పేరు, ఊరు, బడి చెప్పరాదని నేర్పవలెను. పాఠములైన పిమ్మట ఒక గంట యని నియమము పెట్టినచో అది ఆటగనే యుండును, వ్యసనము కాదు.

ఇక గోడ మాట. దసరాకు సున్నము వేయించునప్పుడు హాలులో దేవుని గది ప్రక్కనున్న నాలుగు మూరల గోడను ఆ బిడ్డ కిచ్చితిమి. ఇచ్చితిమనగా, అందు మే మేమియు తగిలింపము, అడుగక తీయము. ఆమె లేత పసుపురంగు కోరి తానే వేసినది. అడుగున జాజుతో అంచు దిద్దినది. మా అత్తగారు తమ పాత సందుగ నిచ్చి, “నీ బట్టలు ఇండ్ల పెట్టుకో బిడ్డా” అనిరి. తల్లి నేతచీర యొకటి అంచు చిరిగినదుండ, దానిని తెరగ కట్టి, మిగిలిన ముక్కతో రవిక కుట్టుకొన్నది. గూటిలో నిర్మల్ పిట్టలు రెండు పెట్టినది. ఆదిలాబాదునుండి 2016లో వేరు జిల్లాయైన ఆ నిర్మల్‌లో పనివారు తేలికైన పొణికి కర్రను చెక్కి, చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపిన ముద్దతో అతుకులు కలిపి, రంగులు వేయుదురు. ఆ బొమ్మలకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించినది. సున్నము, రంగు, మేకులు అన్నియు కలిసి ఇంటి ఖర్చులో లెక్కకు రానంత.

ఆ వారము దుబాయినుండి ఫోను వచ్చినప్పుడు ఆమె గోడ చూపినది. మా మరిది చాలసేపు చూచి, “ఇంకొక్కసారి మెల్లగ తిప్పు బిడ్డా” అన్నాడు.

సోదరీమణులారా! ఇంటిలో గది యిచ్చుట అందరికిని సాధ్యము కాదు. గోడ యిచ్చుట, అర యిచ్చుట, కిటికీ గట్టు ఇచ్చుట సాధ్యమే. చదువునకు, ఉద్యోగమునకు, పెండ్లికి ఏదో యొకనాడు బిడ్డ మన గడప దాటిపోవును. అంతకు ముందు తన చేతితో సర్దిన చోటొకటి, తన మాట చెల్లిన చోటొకటి పుట్టినింట నుండినచో, పోయిన చోట తన కింత స్థలము కావలెనని అడుగుటకు ఆమెకు నోరు వచ్చును. ఈ యేడు బతుకమ్మకు ఇండ్లు తుడుచుకొనునప్పుడు, మీ బిడ్డను పిలిచి, “నీకు ఏ గోడ కావలె?” నని యడుగుడు.