నా గ్లాసులో నిమ్మచెక్క

పోయిన ఆదివారం నుంచి నా మనసు కుదుటపడలేదు. కారణం అర చెక్క నిమ్మకాయ.

మ్యూనిక్‌కు దక్షిణంగా ఇసార్ నది ఒడ్డున ఒక బియర్‌గార్టెన్ ఉంది. చెస్ట్‌నట్ చెట్ల నీడ, కింద గులకరాళ్ళు, పొడవాటి చెక్క బల్లలు. ఎండాకాలంలో ఖాళీ బల్ల దొరకదు కాబట్టి ముక్కూ మొహం తెలియనివాళ్ళ పక్కన సర్దుకొని కూర్చుంటాం. ఆ రోజు మాకు ఎదురుగా డెబ్బై దాటిన పెద్దాయన, ఆయన భార్య ఉన్నారు. మా ఆవిడ స్టీలు డబ్బాలు విప్పింది. సర్వపిండి, ఉప్పేసి ఉడకబెట్టిన పల్లీలు, తరిగిన ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి. పెద్దాయన సర్వపిండి ముక్క తిని, ఇంకోటి అడిగి తీసుకున్నాడు. ఏం పిండి, నువ్వులు ఎప్పుడు కలపాలి అని ఆయన భార్య అడిగి ఫోన్‌లో రాసుకుంది. అంతవరకు బాగానే ఉంది. నేను నా గ్లాసులో నిమ్మచెక్క పిండి, చిటికెడు ఉప్పు వేసేసరికి ఆయన ముఖం మాడ్చుకున్నాడు.

"ఇక అది బీరు కాదు. మాకు శుద్ధి చట్టం ఉంది, ఐదు వందల ఏళ్ళ నాటిది" అన్నాడు.

ఆయన చేతిలో ఉన్నది రాడ్లర్. సగం బీరు, సగం లెమనేడ్.

పెద్దమనిషి కదా అని ఊరుకున్నాను. ఇంటికొచ్చాక మాత్రం నిద్రపట్టలేదు. పద్నాలుగేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నాను. చెత్త ఏ డబ్బాలో వేయాలో, ఆదివారం ఏ శబ్దం చేయకూడదో అన్నీ నేర్చుకున్నాను. ఈ ఒక్కటి మాత్రం మింగుడుపడటం లేదు. వాళ్ళు లెమనేడ్ పోస్తే సంప్రదాయం, నేను నిమ్మకాయ పిండితే అపచారం ఎట్లా అయింది?

అసలు వీళ్ళు బీరులో ఏమేం కలుపుతారో చెప్తాను. రాడ్లర్ అంటే సైకిల్ తొక్కేవాడని అర్థం. 1922 జూన్‌లో ఒక శనివారం, డైజెన్‌హోఫెన్ దగ్గర కూగ్లర్ ఆల్మ్ అనే సత్రానికి 13,000 మంది సైకిళ్ళ మీద వచ్చిపడ్డారట. బీరు చాలదని గ్రహించిన యజమాని ఫ్రాంజ్ క్సావర్ కూగ్లర్, కొట్లో అమ్ముడుపోకుండా మిగిలిన లెమనేడ్‌ను సగానికి సగం కలిపి, మీరు తిరుగుదారిలో సైకిల్ మీంచి పడిపోకూడదని ప్రత్యేకంగా చేయించానని చెప్పి పోశాడట. అయితే లేనా క్రీస్ట్ అనే బవేరియా రచయిత్రి 1912లో అచ్చేసిన ఆత్మకథలోనే ఈ పానీయం పేరు ఉంది. కాబట్టి కూగ్లరే కనిపెట్టాడన్న మాట నిలవదు. అయినా ఆ కథంటే నాకు ఇష్టం. చుట్టాలు ఎక్కువైతే చారులో ఇంకో చెంబు నీళ్ళు పోసి అందరికీ సరిపెట్టే మన ఇంటి ఆడవాళ్ళ నేర్పే అందులో కనిపిస్తుంది.

అదే లెమనేడ్ గోధుమ బీరులో పోస్తే రూస్. బీరులో కోలా పోస్తే చాలాచోట్ల డీజిల్ అంటారు. గోధుమ బీరులో అరటిపండు రసం పోస్తే బనానెన్‌వైట్సెన్. నల్ల బీరు, కోలా, పైన కొంచెం చెర్రీ లిక్కర్ కలిపి లీటరు మగ్గులో ఇచ్చేది గోఆస్‌మాస్, పల్లె జాతరల్లో కుర్రకారు తాగేది. బెర్లిన్ వాళ్ళయితే తమ పుల్లటి బెర్లినర్ వైస్సెలో రాస్ప్‌బెర్రీ సిరప్ పోసి ఎర్రగానో, వాల్డ్‌మైస్టర్ అనే అడవి ఆకు సిరప్ పోసి పచ్చగానో చేసి, వెడల్పాటి గాజు గిన్నెలో స్ట్రా పెట్టి ఇస్తారు. వడకట్టిన గోధుమ బీరు క్రిస్టాల్‌వైట్సెన్ అడిగితే, చాలాచోట్ల సర్వరే గ్లాసు అంచుకు నిమ్మముక్క గుచ్చి తెస్తాడు. గుచ్చితే ఒప్పు, పిండితే తప్పా?

ఇవేవీ బాగుండవని కాదు. రాడ్లర్ లాంటి ఎండాకాలపు పానీయం ఇంకోటి లేదని నేనూ ఒప్పుకుంటాను. అయిదు శాతం ఆల్కహాల్ ఉన్న బీరు సగానికి దిగుతుంది, దాహం తీరుతుంది, తల దిమ్మెక్కదు. మన దగ్గరయితే ఆరు వందల యాభై మిల్లీలీటర్ల సీసా మీద స్ట్రాంగ్ అని రాసి ఉందా లేదా అని చూసి కొంటాం. తక్కువ ఎక్కేదానికి మన దగ్గర గౌరవం లేదు. ఇక్కడ నీరసమైన బీరునూ రుచి కోసం అడిగి తాగుతారు. ఆ అలవాటు నాకు నచ్చింది. ఆ అలవాటుతోనే నేను నిమ్మకాయ పిండుకున్నాను.

ఇక ఆ చట్టం సంగతి. 1516 ఏప్రిల్ 23న ఇంగోల్‌స్టాట్‌లో బవేరియా ప్రభువులు నాలుగో విల్‌హెల్మ్, పదో లుడ్విగ్ చాటించారు. బీరులో బార్లీ, హాప్స్, నీళ్ళు తప్ప ఏదీ ఉండకూడదు. ఈస్ట్ పేరు అందులో లేదు. గోధుమలు రొట్టెలకు మిగలాలన్నది ఒక ఉద్దేశం, ధరలు అదుపులో ఉండాలన్నది ఇంకోటి. బాగుంది. కానీ తర్వాత గోధుమ బీరు కాచే హక్కు ఒక జమీందారీ వంశానికి దక్కింది. 1602లో ఆ వంశం అంతరిస్తే బవేరియా ప్రభువు మాక్సిమిలియన్ ఆ హక్కు తనే తీసుకుని లాభాలు గడించాడు. జనానికి ఒక నియమం, దొరకు ఒక మినహాయింపు.

ఇంకా ఉంది. కిందటేడు ఆఫీసు పని మీద లైప్‌జిగ్ వెళ్ళినప్పుడు అక్కడి గోజె తాగాను. గోస్లార్ అనే ఊళ్ళో పుట్టి లైప్‌జిగ్‌లో స్థిరపడిన బీరు అది. 1960లలో కాచేవాళ్ళు లేక ఆగిపోయి, 1980లలో మళ్ళీ ప్రాణం పోసుకుంది. పుల్లగా ఉంటుంది. అందులో ఏం వేస్తారో తెలుసా? ఉప్పు, ధనియాలు! ప్రాంతీయ ప్రత్యేకత కింద దానికి అనుమతి ఉంది. మొదటి గుక్కలోనే ధనియాల వాసన తగిలి, మా ఇంట్లో చారు పొంగు వచ్చే వేళ గుర్తొచ్చింది. జర్మనీ నడిబొడ్డున, ఉప్పూ పులుపూ ధనియాలూ ఉన్న బీరు. అక్కడివాళ్ళు దాంట్లోనూ సిరప్ కలుపుకుంటారు, జీలకర్రకు చుట్టంలాంటి క్యూమెల్ గింజల లిక్కర్ కూడా కలుపుకుంటారు. ఆ పెద్దాయనకు ఈ మాట చెప్పలేకపోయినందుకే నా బాధంతా.

అయినా ఆ బియర్‌గార్టెన్ మీద నాకు కోపం రాదు. 1812లో రాజు మొదటి మాక్స్ జోసెఫ్ బీరు కాచేవాళ్ళకు తమ నేలమాళిగల దగ్గరే బీరు అమ్ముకోవడానికి ఒప్పుకొని, రొట్టె తప్ప తిండి అమ్మవద్దన్నాడు. దాంతో జనం తిండి ఇంటి నుంచే తెచ్చుకున్నారు. రెండు వందల ఏళ్ళు దాటినా ఆ పద్ధతి పోలేదు. ఆ పుణ్యానే మా సర్వపిండి అక్కడికి చేరింది. చిన్నపిల్లలు ఉయ్యాల ఊగుతుంటే, అవ్వ లీటరు మగ్గు పట్టుకొని కూర్చుంటే, ఎవరూ వింతగా చూడరు. మన దగ్గర వైన్ షాపు ఇనుప జాలీలోంచి చేయి పెట్టి, సీసాను నల్ల కవర్‌లో చుట్టుకొని, పర్మిట్ రూంలో నిలబడి గబగబా ముగించి, సోంపు నమిలి ఇంటికి పోవాలి. నాన్న సీసా తేవడం చూశాను గానీ, అమ్మ పక్కన కూర్చుని నెమ్మదిగా తాగడం ఏనాడూ చూడలేదు.

అట్లాగని మనకు ఇది తెలియదంటే ఒప్పుకోను. జనగామ దగ్గర మా ఊళ్ళో మా నానమ్మ కల్లు తాగేది. దాపరికం లేదు. పొద్దుగూకే వేళ ఈతవనం నుంచి గౌడు తాత మోకు భుజాన వేసుకొని వచ్చి అరుగు మీద లొట్టి దించేవాడు. నానమ్మ పీట వాల్చుకొని కూర్చునేది. పక్కన గిన్నెలో బొబ్బర్ల గుడాలు, ఉల్లిగడ్డ. ఆమె తాగుతూ పొలం సంగతులు మాట్లాడేది, మేము గుడాలు తినేవాళ్ళం. కోడళ్ళు, మనవలు, పక్కింటి ముసలామె అందరూ ఆ అరుగు మీదే. పొద్దటి కల్లు తియ్యగా, సాయంత్రానికి పుల్లగా మారుతుందని నాకు ఆ అరుగు మీదే తెలిసింది. బెర్లినర్ వైస్సె మొదటిసారి తాగినప్పుడు నాలుక మీద తగిలింది ఆ సాయంత్రపు పులుపే. సిరప్ వద్దని చెప్పి ఇంకోటి తెప్పించుకున్నాను.

నానమ్మ ఒక మాట ఎప్పుడూ అనేది. "పట్నం కాంపౌండ్ల తాగకు బిడ్డా, అది కలిపిన కల్లు." పట్నంలో చెట్టు కల్లు చాలక, నీళ్ళలో క్లోరల్ హైడ్రేట్, డయజెపామ్ లాంటివి కలిపి అమ్మడం, అది తాగి మనుషులు ఆసుపత్రుల పాలవడం తెలంగాణలో అందరికీ తెలిసిన విషాదమే. కలపడం అనే మాటకే మా ఇంట్లో భయం ఉండేది.

ఇది రాస్తుంటేనే తట్టింది. ఆ పెద్దాయన భయం కూడా అదేనేమో. ఒకప్పుడు ఇక్కడా బీరులో పిచ్చి మొక్కలు వేసి జనాన్ని మత్తులో ముంచేవాళ్ళు ఉండేవాళ్ళు. ఆ జ్ఞాపకం ఆ చట్టం చుట్టూ ఇంకా మిగిలే ఉంది. మా నానమ్మ మాటకు ఎంత బరువుందో ఆయన మాటకూ అంతే ఉంది. కాకపోతే అమ్మేవాడు చాటుగా కలిపేది వేరు, తాగేవాడు తన గ్లాసులో తన చేత్తో కలుపుకునేది వేరు. ఈ తేడా ఆయన రాడ్లర్‌కు వర్తిస్తే నా నిమ్మకాయకూ వర్తిస్తుంది. మెక్సికోలో నిమ్మరసం, ఉప్పు వేసిన బీరుకు చెలాడ అని పేరుంది. అందులోనే కారం, సాసులు చేరిస్తే మిచెలాడ. ప్రపంచంలో నేనొక్కణ్ణే ఇట్లా తాగడం లేదు.

నా పద్ధతి చెప్తాను. బాగా చల్లబరిచిన గ్లాసులో అర చెక్క నిమ్మకాయ పిండి, రెండు చిటికెల ఉప్పు వేయాలి. తర్వాత తేలికపాటి హెల్లెస్ బీరు ఒక గుక్కెడు పోసి, నురగ దిగేదాకా ఆగి, మిగతాది పోయాలి. బీరు పోశాక ఉప్పు వేస్తే నురగ పొంగి బల్లంతా పారుతుంది, అందుకని ఉప్పే ముందు. ఇష్టముంటే నిలువుగా చీల్చిన పచ్చిమిర్చి ఒకటి. మే నెలలో ఇండియన్ షాపులో పచ్చిమామిడి దొరికితే నిమ్మకు బదులు దాని రసం వేస్తాను. పుల్లటి మామిడి అయితేనే, తియ్యదైతే వద్దు.

చలికాలానికి వీళ్ళ దగ్గరే నేర్చుకున్నది ఒకటుంది. ఇనుప కడ్డీని నిప్పుల్లో ఎర్రగా కాల్చి, చిక్కటి బాక్ బీరులో కొన్ని క్షణాలు ముంచుతారు. చారులో తాలింపు పడ్డట్టు చుయ్‌మంటుంది. బీరులోని చక్కెర మాడి పాకం రుచి వస్తుంది, నురగ వెచ్చబడుతుంది, అడుగున బీరు చల్లగానే ఉంటుంది. దాన్ని మొదటిసారి చూసినప్పుడు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. మా ఇంట్లో ఆ కడ్డీ లేదు కాబట్టి నల్ల బీరును గోరువెచ్చగా చేసి, చిన్న బెల్లం ముక్క, చిటికెడు శొంఠి వేసుకుంటాను. శ్రీరామనవమి పానకం జోలికి మాత్రం పోను. అది దేవుడిది.

ఈ వేసవిలో మ్యూనిక్ వచ్చేవాళ్ళు ఉంటే, బియర్‌గార్టెన్‌లో గుడ్డ పరచని బల్ల చూసుకొని కూర్చోండి. గుడ్డ పరిచిన బల్లల దగ్గర సర్వర్ వస్తాడు, అక్కడ మన డబ్బా విప్పకూడదు. తిండి మీది తెచ్చుకోవచ్చు, బీరు మాత్రం వాళ్ళ దగ్గరే కొనాలి. కారు నడిపేవాళ్ళు నిమ్మసోడాతో సరిపెట్టుకోండి. డబ్బాలో రెండు నిమ్మకాయలు, ఒక ఉప్పు పొట్లం మరిచిపోకండి. ఎదుటివాళ్ళకు సర్వపిండి పెట్టండి. ఎవరైనా ముఖం మాడ్చుకుంటే, లైప్‌జిగ్ గోజెలో ఉప్పూ ధనియాలూ ఉంటాయని నెమ్మదిగా, మర్యాదగా చెప్పండి.