కుట్టుమిషను వెల

ఈ నెల నేను వ్రాస్తున్నది ప్రసంగము కాదు, మా ఇంట్లో జరిగిన ఒక సంగతి. చెప్పుకొనుటకు కొంచెము సిగ్గుగానే ఉన్నది. అయినా పాత సామాను అమ్మవలసిన దినము ఏదో ఒకనాడు ప్రతి కుటుంబమునకు వస్తుంది గనుక మీకు ఉపయోగపడుతుందని వ్రాస్తున్నాను.

మేము ఉండేది హైదరాబాదులోని చందానగర్. ముంబయి వెళ్లే జాతీయ రహదారి మీద ఉన్నది. ఒకవైపు 1960లలో వచ్చిన బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారము, మరొకవైపు 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత పెరిగిపోయిన హైటెక్ సిటీ. ఈ రెంటి మధ్య అద్దె ఇండ్లలో మా సంఘ కుటుంబములు. 2003లో లింగంపల్లి వరకు ఎం.ఎం.టి.ఎస్. రైలు, 2017లో మియాపూర్ వరకు మెట్రో వచ్చాక జనము మరింత పెరిగారు. వచ్చేవారు ఎందరో వెళ్లేవారూ అందరే. ఒకరికి బెంగుళూరు బదిలీ, ఒకరికి అమెరికా వీసా, ఒకరికి పని పోయి సొంత ఊరి దారి. వెళ్లేవారు అమ్ముతారు, వచ్చేవారు కొంటారు. పల్లెలో పాత బీరువా అంటే తమ్ముడికో మేనకోడలికో ఇచ్చుకొనేది. ఇక్కడ పక్క వాటావారి పేరు కూడా తెలియదు, ఇక ఎవరికి ఇస్తారు?

2020 జూలైలో మా సంఘములోని ఒక సహోదరి మా ఇంటికి వచ్చింది. ఆ ఫిబ్రవరిలోనే ఆమె భర్త ప్రభువు పిలుపు అందుకొన్నాడు. వెంటనే లాక్‌డౌన్ వచ్చింది. మూడు నెలల అద్దె బాకీ పడింది. ఖమ్మము దగ్గర తన పుట్టినూరికి పిల్లలిద్దరితో వెళ్లిపోవుటకు నిశ్చయించుకొన్నది. ఆ రోజులలో మామూలు రైళ్లు ఆగి ఉన్నాయి, ప్రతి గేటుకు టు-లెట్ బోర్డు వ్రేలాడుతున్నది. అందరూ అమ్మేవారే, కొనేవారు తక్కువ.

"అయ్యగారూ, సామాను మొత్తము గుత్తగా ఎనిమిది వేలకు ఇమ్మంటున్నాడు పాత సామాను షాపతను. మీరొచ్చి వెల కట్టండి" అన్నది.

నేను వెళ్లాను. గుత్తగా వద్దన్నాను. ఒక్కొక్క వస్తువుకు వెల కట్టి సంఘములో తెలిసినవారికి చెప్పాను. బీరువా రూ. 2,000, ఫ్రిజ్ 4,000, మంచము 3,500, కూలరు 800, గ్యాస్ పొయ్యి 700, కుర్చీలు, వంట సామాను కలిపి 1,500, కుట్టుమిషను 2,500. మొత్తము రూ. 15,000 వచ్చింది. ఎనిమిది వేలు పదిహేను వేలయ్యాయని అందరూ నన్ను మెచ్చుకొన్నారు. నేనూ లోలోపల మెచ్చుకొన్నాను.

కుట్టుమిషను కొన్నది నేనే. మా ఇంటావిడకు చాలాకాలముగా ఆశ. వెల కట్టేటప్పుడు చక్రము తిప్పి చూచి, "మోత వస్తున్నదమ్మా, పాతబడిపోయింది" అన్నాను. ఆమె మాట్లాడలేదు. "మీరెంతంటే అంతే అయ్యగారూ" అన్నది.

ఇంటికి తెచ్చి లింగంపల్లిలో మిషన్లు బాగుచేసే అతనికి చూపించాను. నాలుగు చుక్కల నూనె వేసి బెల్టు మార్చాడు. అరవై రూపాయలు తీసుకొన్నాడు. మోత పోయింది. "ఎంతకు కొన్నారు సార్? మీకు వద్దంటే చెప్పండి, నాలుగు వేల అయిదు వందలు ఇప్పుడే ఇస్తాను" అన్నాడు. నవ్వి ఊరుకొన్నాను కాని ఆ నవ్వు ఇంటి వరకు నిలువలేదు.

ఆ సాయంత్రమే మా ఇంటావిడ మిషను సొరుగులో ఒక చిన్న నోటు పుస్తకము చూచింది. పేరు పేరుకు జాకెట్ల కొలతలు, ప్రక్కన రావలసిన కుట్టుకూలి. "ఏమండీ, భర్త పోయాక ఆమె ఇల్లు గడిచింది దీని మీదే. ఇది అమ్మవలసిన వస్తువు కాదు, మనము కొనవలసిన వస్తువూ కాదు" అన్నది.

ఒక వారము నేను నాతోనే వాదించుకొన్నాను. నేను దొంగిలించలేదు గదా! షాపువాడికంటె ఎక్కువే ఇప్పించాను గదా! ఆమె ఒప్పుకొన్నదే గదా! కాని ఆమె ఒప్పుకొన్నది ఆ వెలకు కాదు, నా మాటకు. వెల కట్టినదీ నేనే, కొన్నదీ నేనే. ఆమె పక్షమున బేరమాడుటకు అక్కడ మనిషి లేడు.

సామెతలు 20వ అధ్యాయములో, కొనేవాడు వస్తువును బాగాలేదని తీసిపారేసి, కొని అవతలకు వెళ్లాక గొప్పలు చెప్పుకొంటాడని ఉన్నది. ఆ వచనము మీద నేను రెండుసార్లు ప్రసంగించాను. చక్రము తిప్పి మోత వస్తున్నదన్నప్పుడు మాత్రము జ్ఞాపకము రాలేదు. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము తిరగలి రాతిని తాకట్టు పట్టవద్దంటుంది, అది ఒకరి బ్రతుకు గనుక. మా ఇంట్లో ఉన్నది తిరగలే.

ఫోను చేశాను. మిషను తిరిగి పంపుతున్నానని చెప్పాను. కొంతసేపు మాట లేదు. తరువాత, "ఊళ్లో ఇద్దరు జాకెట్లు కుట్టమని అడిగారు అయ్యగారూ. మిషను లేదని చెప్పాను" అన్నది.

ఆగస్టు మొదటి వారములో ఖమ్మము వైపు పోయే డీసీఎం వ్యానులో మిషను పంపించాము. రెండు వేల అయిదు వందలు కొంచెము కొంచెముగా తీరుస్తానన్నది. వద్దన్నాను; బీరువాకు కూడా నేను తక్కువ కట్టానని అప్పటికి తెలిసింది. ఇనుము కిలో రూ. 22 చొప్పున తూకమేసినా డెబ్బది కిలోలకు రూ. 1,540 వచ్చేది. పనికివచ్చే బీరువాకు నేను చెప్పినది రెండు వేలు! అది కొన్న సహోదరునితో ఈ మాట చెప్పితే, "ఒప్పుకొన్న బేరమే గదండీ" అని రెండు నెలలు నాతో ముభావముగా ఉన్నాడు. ఆయనను తప్పుపట్టను. ఆ వెల చెప్పింది నేనే.

అప్పటినుండి మా సంఘములో ఎవరు సామాను అమ్ముకొన్నా కొన్ని సంగతులు పాటిస్తున్నాము. వెల కట్టినవారు కొనరాదు. తప్పక కొనవలసివస్తే మరి ఇద్దరు వెల చెప్పాలి. అబ్రాహాము మక్పేలా గుహను కొన్నప్పుడు ఊరివారందరు వింటుండగా నాలుగు వందల తులముల వెండి తూచి ఇచ్చాడు. చాటుగా ఆడిన బేరములోనే తేడాలు వస్తాయి.

అమ్మేవారు తాము కొన్న వెలను మరచిపోవాలి. అదే వస్తువు ఈ రోజు కొత్తది ఎంత, పాతది ఇరుగుపొరుగున ఎంతకు పోతున్నది అని ముగ్గురిని అడగాలి. లోపముంటే ముందే చెప్పాలి. టేకు మంచము ఎన్నిసార్లు విప్పి బిగించినా నిలుస్తుంది; చెక్కపొట్టు అదిమి చేసిన బల్లలు ఒకసారి విప్పితే స్క్రూలు పట్టవు, తడి తగిలితే ఉబ్బుతాయి. అందుకే చూపుకు ఒకటే అయినా వెల ఒకటి కాదు. కూలరు మార్చిలో అమ్మాలి. జూలైలో అమ్మితే అడిగేవాడు ఉండడు. ఇత్తడి బిందెలు అమ్మేముందు మీరే ఒకసారి తూకము వేయించుకోండి, తరుగు ఎంత తీస్తారో ముందే అడగండి. గ్యాసు సిలిండరు అమ్మకూడదు. ఏజెన్సీకి అప్పగించి రసీదు చూపితే మీ డిపాజిట్టు మీకు వస్తుంది. పాత డబ్బా టీవీ గాజులో సీసము ఉంటుంది, పిల్లల ముందు పగులగొట్టనివ్వక, పాత ఎలక్ట్రానిక్ సామాను సేకరించేవారికే ఇవ్వండి.

ఫోనులో ప్రకటన ఇచ్చి అమ్మేవారు మరీ జాగ్రత్త. మా సంఘ యువకుడొకడు సోఫా అమ్మబోతే, మిలిటరీలో ఉన్నానన్న ఒకడు వస్తువు చూడకుండానే ఒప్పుకొని, "డబ్బు పంపుతున్నాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టు" అన్నాడు. కొట్టాడు, వీని ఖాతాలోని డబ్బే పోయింది. డబ్బు ఇచ్చుటకే పిన్ కావాలి, పుచ్చుకొనుటకు అక్కరలేదు. ఇది మీ పిల్లలకు, ముసలివారికి కూడా చెప్పండి.

అన్నిటికంటె ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఈ వస్తువు లేకుండ రేపు ఈ ఇల్లు ఎట్లా గడుస్తుంది? కష్టములో ఉన్నవారు ముందుగా అమ్మబోయేది తరచుగా తమకు అన్నము పెట్టే వస్తువునే, ఎందుకంటే దానికే త్వరగా వెల వస్తుంది. మిషను, తోపుడుబండి, పాలిచ్చే గేదె. అప్పుడు వెల కట్టవద్దు, ఆపండి. బాకీ తీర్చే దారి వేరొకటి కలిసి వెదకండి. నేను ఆనాడు చేయవలసిన పని అదే.

ఆ సంవత్సరము క్రిస్మసుకు ఆమె మా పాపకు గౌను కుట్టి పంపింది. కుట్టుకూలి ఎంతమ్మా అని ఫోనులో అడిగాను.

"ఈసారి వెల నేను చెబుతాను అయ్యగారూ, నూట యాభై" అని నవ్వింది.

బేరమాడకుండ పంపించాము.