కేకు గొణుగుతుంది

కేకు అయిందో లేదో మీరెలా చూస్తారు? పుల్ల గుచ్చి చూస్తామంటారు చాలామంది. పుల్లకి పిండి అంటకపోతే అయినట్టే. నేను మాత్రం చెవి పెట్టి వింటాను. నవ్వకండి. లోపల పచ్చిగా ఉన్నంతసేపూ కేకు సన్నగా చుయ్‌మంటూ గొణుగుతూనే ఉంటుంది. తడిలో బుడగలు పగిలే చప్పుడది. అయిపోవచ్చేసరికి ఆ గొణుగుడు సద్దుమణుగుతుంది.

ఈ విద్య నాకు అబ్బింది విజయవాడ గవర్నరుపేటలో, మా వీధి చివరి బేకరీ తాత దగ్గర. 1960ల మాట. వేసవి సెలవులొస్తే అమ్మ మైదా, పంచదార, డాల్డా కొలిచి సంచిలో పెట్టి నన్నూ అన్నయ్యనీ పంపేది. కూలి డబ్బులిస్తే ఆ సరుకుతోనే బిస్కెట్లు చేసిచ్చేవాళ్ళు. మన పిండి మనకే వస్తుందో, పక్కింటివాళ్ళ పిండిలో కలిసిపోతుందో అని అమ్మకి అనుమానం. అందుకని మా ఇద్దరికీ కాపలా ఉద్యోగం. ఆ కాపలాలోనే చూశాను. తాత పొయ్యిలోంచి కేకు రేకు బయటికి లాగి, తల వంచి ఒక్క క్షణం విని, "ఇంకా మాట్లాడతా ఉంది" అని మళ్ళీ లోపలికి తోసేవాడు.

పెళ్ళయ్యాక మా ఇంట్లో ఓవెన్ లేదు, గుడ్డు గడప దాటి రాకూడదు. అయినా కేకు ఆగలేదు. కప్పు పెరుగులో ముప్పావు కప్పు పంచదార కరిగించి, అందులో అర చెంచా వంటసోడా, చెంచాంపావు బేకింగ్ పౌడరు వేసి ఐదు నిమిషాలు వదిలేస్తే నురగ పొంగుతుంది. పెరుగు పులుపు సోడాతో కలిసి పుట్టించే గాలే అది. గుడ్డు చేసే పని చాలావరకు ఆ నురగే చేసిపెడుతుంది. అరకప్పు నూనె, కప్పున్నర మైదా, కాస్త వెనిల్లా. కుక్కరు అడుగున ఉప్పు పరిచి, గాస్కెట్టూ వెయిటూ తీసేసి, పది నిమిషాలు వేడెక్కాక గిన్నె లోపల పెట్టడం. సన్నని సెగ మీద నలభై ఐదు నిమిషాలు.

ఆ నలభై ఐదు నిమిషాలకి నా దగ్గర గడియారం అక్కర్లేదు. తొంభై నిమిషాల కేసెట్టు ఒక వైపు తిరిగేసరికి కేకు అయిపోయేది. ఎక్కువగా చిట్టిబాబు వీణే పెట్టేదాన్ని. ఈమని శంకరశాస్త్రిగారి శిష్యుడు. వీణ మీద కోయిలని కూయించిన మనిషి. ఆ వీణ వింటూ వంటింటి గట్టు మీదే కాగితాలు పెట్టుకుని కథలు రాసుకునేదాన్ని. రాజమండ్రి రత్నం పెన్ను, అది కాగితం మీద చేసే గరగర, అవతల వీణ, ఇవతల కుక్కర్లో గొణుగుడు. నా జీవితంలో సుఖం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఇంతకంటే చెప్పడానికేమీ లేదు. నా కథల్లో సంభాషణలు బాగుంటాయని ఎవరైనా అంటే, అవి నావి కావు, రైతుబజార్లోనూ సిటీ బస్సులోనూ విన్నవే అని చెప్పేదాన్ని. రాసే చెయ్యి కంటే వినే చెవి మీదే నాకు నమ్మకం ఎక్కువ.

అలాంటి చెవి ఎప్పుడు మొరాయించడం మొదలుపెట్టిందో నాకే తెలియదు. ఈమధ్య కాగితాలు నున్నగా వస్తున్నాయి, పెన్ను చప్పుడే లేదు అని మురిసిపోయాను. ఇంకో ఘనకార్యం కూడా చెప్పాలి. మా విద్యానగర్లో రాత్రిళ్ళు కీచురాళ్ళ రొద వినబడటం మానేసింది. నగరం కీచురాళ్ళని కూడా మింగేసిందని పెద్ద బాధతో ఒక వ్యాసం రాసి అచ్చు వేయించుకున్నాను. అది చదివి మావారు, "మన పెరట్లో చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయిగా!" అన్నారు. ఆయనకి చెవిలో గుయ్‌మనే జబ్బేదో వచ్చిందని నేను తేల్చేశాను.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. కిందటేడు డిసెంబరులో జరిగింది మాత్రం నవ్వే విషయం కాదు. బెంగళూరు నుంచి అమ్మాయి ఫోన్ చేసింది. సెలవులకి పిల్లల్ని తీసుకుని ఎప్పుడొస్తున్నారే అంటే, "శనివారం రాత్రికమ్మా" అంది. "చాలా సంతోషమే తల్లీ" అని పెట్టేశాను. శనివారం సాయంత్రం కేకు చేశాను. పుల్ల గుచ్చే చూశాను. ఈమధ్య కేకులు గొణగడం మానేశాయి, గ్యాసు పొయ్యి మారినందుకేమో అనుకుంటున్నాను అప్పటికి. రాత్రి తొమ్మిదైంది, పదైంది. ఉండబట్టలేక ఫోన్ చేశాను.

"ఎక్కడిదాకా వచ్చారే?"

అవతల కాసేపు మాట లేదు. "అమ్మా... శనివారం రాలేమమ్మా అని చెప్పానుగా. నువ్వు చాలా సంతోషం అన్నావు. నీకు కోపమొచ్చిందని నేను నాలుగు రోజుల్నుంచి..." అని ఏడ్చేసింది పిల్ల.

నాలుగు రోజులు! అమ్మ వెటకారంగా అందనుకుని ఆ పిల్ల నలిగిపోతుంటే, నేనిక్కడ మైదా జల్లించుకుంటూ కూర్చున్నాను. ఫోన్ మావారికిచ్చి లోపలికి వెళ్ళిపోయాను. కేకు మర్నాడు పనమ్మాయి పిల్లలు తిన్నారు.

పరీక్షకి తీసుకెళ్ళారు. గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. నేను బుద్ధిగా నొక్కుతూ కూర్చున్నాను. మధ్యలో చాలాసేపు ఏమీ వినిపించకపోతే మిషను ఆగిందేమో అనుకున్నాను. ఆగలేదట. వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేవి పైస్థాయి చప్పుళ్ళేనని ఆ ఆడియాలజిస్టు అమ్మాయి గీత గీసి చూపించింది. పిట్టల కూతలు, కీచురాళ్ళు, స, ష, ఫ లాంటి అక్షరాలు. మాట వినిపిస్తుంది గానీ అంచులు అరిగిపోయి వినిపిస్తుంది. మిగతాది మన బుర్ర తనకి నచ్చినట్టు పూరించుకుంటుంది. మా అమ్మాయి రావాలని ఉంది గనక వస్తున్నట్టే వినిపించింది నాకు.

నలభయ్యో ఏట కళ్ళజోడు పెట్టుకోవడానికి సిగ్గుపడని దాన్ని, చెవికి మిషను అంటే నెల రోజులు మొండికేశాను. మావారు ఓదార్పుగా, "ద్వారం వెంకటస్వామి నాయుడుగారికి చిన్నప్పట్నుంచీ చూపు సరిగా లేదు. ఫిడేలులో అంతటివాడు కాలేదూ?" అన్నారు. "ఆయన వాయించింది చెవితోనే కదండీ" అన్నాను. పాపం, మళ్ళీ మాట్లాడలేదు.

చివరికి పెట్టుకున్నాను. రెండు చెవులకీ కలిపి మంచి ఫ్రిజ్ ఖరీదు. మొదటి రోజు ఇల్లంతా శత్రువులే. పాలిథిన్ సంచి నలిగితే ఉలిక్కిపాటు, గిన్నెలు కడిగితే ఉరుములు. నా గొంతు నాకే పరాయిదానిలా ఉంది. అవన్నీ ఓర్చుకున్నాను గానీ ఆ సాయంత్రం వేణువు పెట్టుకుని వింటే ఏడుపొచ్చింది. నిలకడగా సాగాల్సిన స్వరం గజగజ వణికిపోతోంది. తీసి సొరుగులో పడేశాను.

తర్వాత తెలిసింది, తప్పు వేణువుదీ కాదు, నాదీ కాదు. ఈ మిషన్లు ప్రధానంగా మాటల కోసం తయారైనవి. అవి ఒక్కోసారి వాటంతటవే కూతపెడుతుంటాయి గనక, ఆ కూతని అణిచే ఏర్పాటు లోపలే ఉంటుంది. వేణువు మీద దీర్ఘంగా పట్టిన స్వరం వినగానే అది తన కూతే అనుకుని నొక్కెయ్యబోతుందట! ఎంత అమాయకత్వం. సంగీతం కోసం వేరే అమరిక ఉంటుంది, అడిగితే పెడతారు. అడగాలని ఎవరు చెప్తారు మనకి? ఆ అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని సవరిస్తుంటే, నా ఫోన్లో చిట్టిబాబుని పెట్టి, "ఇంకొంచెం... ఊఁ, ఇంకొంచెం" అంటూ గంటసేపు ఆమెని కదలనివ్వలేదు.

పాతికేళ్ళ నాటి వీణ అచ్చంగా తిరిగిరాలేదు. ఆ మాట దాచను. మంద్రంలో గంభీరం కాస్త తగ్గింది. కానీ తంత్రి మీద వేలు జారేటప్పటి ఆ సన్నని రాపిడి వినిపించింది. చాలా ఏళ్ళుగా అది నాకు వినబడటం లేదన్న సంగతే నాకు తెలియదు.

మొన్న ఉగాది సెలవులకి అమ్మాయీ పిల్లలూ వచ్చారు. ఈసారి రెండుసార్లు అడిగి, రాసుకుని మరీ నిర్ధారించుకున్నాను. కేకు పెట్టాను, ఫోన్లో వీణ పెట్టాను. వీణ ఆగాక కుక్కరు మూత తీసి, ఆవిరి తగలకుండా పక్కకి తిరిగి చెవి వంచబోతే మిషను కీచుమని కూత వేసింది.

"అదేమిటి, వెయిట్ పెట్టకుండానే విజిలొచ్చింది?" హాల్లోంచి మావారు.

పిల్లలు పడీపడీ నవ్వారు. నేను చెయ్యెత్తి అందర్నీ ఊరుకోమన్నాను. కాస్త దూరం జరిగి మళ్ళీ విన్నాను. లోపల సన్నగా, సణుగుడులాగా ఏదో ఉంది.

"అమ్మమ్మా, అయిపోయిందా?"

"లేదురా, ఇంకా మాట్లాడతా ఉంది" అని మూత పెట్టేశాను.